మాట పడ్డ మనిషి నోరు విప్పడు

పొద్దున ఎనిమిదిన్నర. ఏ ఊళ్లోనైనా సరే, ఓ మోస్తరు పెద్ద ఆస్పత్రిలో రౌండ్స్ జరిగే వేళ. నైట్ డ్యూటీ దిగి ఇంటికి వెళ్లిపోవాల్సిన నర్సు ఇంకా మంచం పక్కనే నిలబడి, "సార్, మూడింటి నుంచి యూరిన్ తగ్గుతూ వచ్చింది..." అని మొదలుపెడుతుంది. పెద్ద డాక్టరు తల ఎత్తకుండానే "చార్టులో ఉంది కదమ్మా" అని పేజీ తిప్పుతాడు. అక్కడ ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. ఫిర్యాదు చేద్దామన్నా ఏమీ లేదు. మర్నాడు ఆ నర్సు డ్యూటీకి వస్తుంది, మందులు వేళకు ఇస్తుంది, చార్టు నింపుతుంది. పనిలో వంక పెట్టడానికి ఉండదు. ఒక్కటి మాత్రం మానేస్తుంది: అడక్కుండా చెప్పడం.

పనిచేసే చోట చిన్నచూపు వల్ల ఉత్సాహం తగ్గుతుందనీ, రాజీనామాలు పెరుగుతాయనీ అందరూ అంటారు. నిజమే, కానీ అవి ఆలస్యంగా బయటపడే నష్టాలు. వాటికన్నా చాలా ముందే, ఏ రిపోర్టులోనూ కనిపించకుండా పోయేది సమాచారం. మాట పడ్డ మనిషికి చేతులు ఆగవు, నోరు ఆగుతుంది. ఆస్పత్రిలో అది ప్రాణం మీదికి వస్తుంది. మందుల ఫ్యాక్టరీలో బ్యాచ్ మొత్తం పారబోయాల్సి వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో రిలీజ్ రోజు రాత్రి తెలుస్తుంది. అందుకే చిన్న చిన్న అవమానాలను 'మనసుకు సంబంధించిన సంగతి' అని హెచ్‌ఆర్‌కి అప్పగించి చేతులు దులుపుకోవడం తప్పని నా వాదన. అవి నేరుగా పని నాణ్యతకు సంబంధించినవి.

ఈ మాటకు నాకు తెలిసిన గట్టి ఆధారం 2015లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వచ్చిన ఒక ఇజ్రాయెల్ అధ్యయనం. నెలలు నిండని పసికందుల ఐసీయూల్లో పనిచేసే 24 బృందాలను శిక్షణ పేరుతో కూర్చోబెట్టారు. ప్రతి బృందంలో డాక్టరూ నర్సులూ ఉన్నారు. అందరి ముందూ ఒకే కేసు పెట్టారు: పేగులు కుళ్లే జబ్బుతో హఠాత్తుగా క్షీణిస్తున్న పసిబిడ్డ, అదీ బొమ్మతో. కొన్ని బృందాలకు, బయటి దేశం నుంచి వచ్చిన నిపుణుడినని చెప్పుకున్న వ్యక్తి మధ్యలో ఒకటి రెండు మాటలు అన్నాడు. ఇక్కడి వైద్యం తనకు అంతగా నచ్చలేదన్న ధోరణిలో, కాస్త పొగరుగా. ఆ బృందం పనిని ఉద్దేశించి అన్నదేమీ లేదు. మిగతా బృందాలకు మామూలు మాటలే వినిపించారు. ఎవరికి ఏం వినిపించారో తెలియని పరిశీలకులు తర్వాత వీడియోలు చూసి మార్కులు వేశారు. జబ్బును పోల్చుకోవడంలో మాట పడని బృందాల సగటు 3.2, మాట పడ్డవాటి సగటు 2.6. చికిత్స చేయడంలో 3.3కి ఎదురుగా 2.8.

ఎందుకు తగ్గిందన్నదే అసలు విషయం. మాట పడ్డ బృందాల్లో ఒకరికి తెలిసినది ఇంకొకరికి చెప్పుకోవడం తగ్గింది, దానితో జబ్బును పోల్చుకోవడం దెబ్బతింది. సాయం అడగడం తగ్గింది, దానితో చేతిపని దెబ్బతింది. చదువు అదే, అనుభవం అదే, బిడ్డ అదే. మారింది ఒక్కటే, మనుషుల మధ్య మాట. పైగా ఆ మొరటు మాట అన్నవాడు వాళ్ల బాసు కూడా కాదు. రోజూ మొహం చూసి పనిచేయాల్సిన మనిషి అంటే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

విమానయానం ఈ పాఠాన్ని చాలా ముందే నేర్చుకుంది, పెద్ద మూల్యం చెల్లించి. 1978 డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వారి 173 విమానం ఇంధనం అయిపోయి కూలింది. కెప్టెన్ ధ్యాసంతా చక్రాల సమస్య మీద ఉంది. ఇంధనం తగ్గిపోతోందని పక్కవాళ్లకు తెలుసు, కానీ కెప్టెన్ చెవికి ఎక్కేలా గట్టిగా చెప్పలేకపోయారు. పదిమంది చనిపోయారు. ఆ తర్వాతే, 1981లో, కింది స్థాయి సిబ్బంది గట్టిగా చెప్పడానికీ కెప్టెన్లు వినడానికీ శిక్షణ ఇవ్వడాన్ని అదే సంస్థ మొదలుపెట్టింది. ఇప్పుడది ప్రపంచమంతటా తప్పనిసరి చదువు.

ఇక మన ఆఫీసుల్లోకి వద్దాం.

మన దగ్గర చిన్నచూపు చాలాసార్లు మాటలో కూడా ఉండదు, ఏర్పాట్లలో ఉంటుంది. మెడలో ట్యాగు రంగు చూడండి. పర్మనెంటు వాళ్లకు ఒక రంగు, ఏజెన్సీ వాళ్లకు ఇంకొకటి. సెక్యూరిటీ సౌలభ్యం కోసమంటారు గానీ, లిఫ్టులో ఎవరికి ఎవరు జరిగి చోటివ్వాలో ఆ రంగే చెబుతుంది. బట్టల షోరూముల్లో అమ్మకాల అమ్మాయిలకు పది గంటలు నిలబడే ఉద్యోగం. కొనేవాళ్లు లేని మధ్యాహ్నం కూడా కూర్చోవడానికి స్టూలు ఉండదు. కోళికోడ్‌లో షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే, 2018లో కేరళ చట్టం సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. ఒక కుర్చీ కోసం అసెంబ్లీ దాకా వెళ్లాల్సి వచ్చిందంటే, ఆ కుర్చీ లేకపోవడం ఎంత లోతుగా కోసిందో తెలుస్తుంది.

పిలుపు ఇంకొకటి. ఇరవై ఆరేళ్ల జూనియర్ డాక్టరు "మీరు", యాభై ఏళ్ల ఆయమ్మ "నువ్వు". పేరుండగా "ఏయ్ హౌస్‌కీపింగ్" అనడం. కొత్తగా చేరినవాణ్ని క్యాంటీన్లో "మీ ఇంటిపేరేంటి, ఏ ఊరు మీది, ఆ ఊళ్లో ఎవరి తాలూకు?" అని వరసగా అడగడం. ఆ మూడో ప్రశ్న దేనికోసమో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. జవాబు విన్నాక మాట తీరు మారితే, ఆ రోజు నుంచి ఆ కుర్రాడు మీటింగుల్లో వెనక వరసలో కూర్చుంటాడు. ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో దూషిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. మాట తీరు మారినందుకు ఏ చట్టమూ లేదు. నా దృష్టిలో మన ఆఫీసుల్లో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది, అన్నిటికన్నా తక్కువ మాట్లాడుకునేది ఇదే.

మిగతావి అందరికీ తెలిసినవే. రాత్రి పదకొండింటికి వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి మందలింపు. అదే గ్రూపులో పని బాగా చేసినప్పుడు బొటనవేలి బొమ్మ. రేపటి రోస్టరు ఇవాళ రాత్రి పెట్టడం. జీతం స్లిప్పు మీద మూడేళ్లుగా తప్పుగా ఉన్న పేరు. ఒకరు తయారుచేసిన ప్రెజెంటేషన్ మీద పై అధికారి పేరు. మాట్లాడుతుంటే ఫోన్ చూసుకోవడం.

ఇలాంటివాటిని 1973లోనే అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మేరీ రోవ్ ఒకచోట చేర్చి సూక్ష్మ అసమానతలని పేరు పెట్టారు. వాటి బలం వాటి చిన్నతనంలోనే ఉంది. ఒక్కోటీ విడిగా చూస్తే "దీనికి కూడానా?" అనిపిస్తుంది. అందుకే పడ్డవాళ్లు చెప్పుకోలేరు, అన్నవాళ్లకు గుర్తుండదు. పైగా తనను కావాలనే అన్నారా, యథాలాపంగా అన్నారా అని పడ్డ మనిషి లోలోపల తేల్చుకుంటూ ఉంటాడు. ఆ లెక్క తెగేదాకా సగం బుర్ర పని మీద ఉండదు.

యాజమాన్యాలు దీనికి మందుగా వాడేది సన్మానం. ఏడాదికోసారి హోటల్లో ఫంక్షన్, శాలువా, మెమెంటో, ఫోటో. లేదా 'ఈ నెల ఉత్తమ ఉద్యోగి' అని గోడ మీద ఫ్రేము. అది ఎలా చెడుతుందో చెప్పడం సులువే. మొదటి మూడు నెలలు నిజంగా బాగా చేసినవాళ్లకు వస్తుంది. నాలుగో నెల "మళ్లీ ఆమెకేనా?" అన్న గొణుగుడు వినిపిస్తుంది. అయిదో నెల నుంచి వంతులవారీగా వస్తుంది, దాంతో అందుకున్నవాళ్లకే దాని మీద గౌరవం పోతుంది. ఫంక్షన్ సాయంత్రం నాలుగింటికి పెడతారు కాబట్టి నైట్ డ్యూటీవాళ్లు ఏ ఫోటోలోనూ ఉండరు. ఎంపిక చేసేవాళ్లు తమకు కనిపించినవాళ్లనే ఎంచుకుంటారు. డ్రెయినేజీ పొంగకుండా రాత్రే చూసుకున్నవాడు ఎవరికీ కనిపించడు, ఎందుకంటే అతను బాగా పనిచేశాడు కాబట్టి ఏమీ జరగలేదు.

బహుమతి పథకాలు ఎదురు తిరిగిన ఉదాహరణ కూడా ఉంది. అమెరికాలో బట్టలుతికే అయిదు ఫ్యాక్టరీలున్న ఒక సంస్థలో, ఒక ఫ్యాక్టరీవాళ్లు నెలంతా ఆలస్యం లేకుండా వచ్చినవాళ్ల పేర్లతో 75 డాలర్ల గిఫ్ట్ కార్డుకు లాటరీ పెట్టారు. మంచి ఉద్దేశమే. కానీ ఒకరోజు ఆలస్యమై ఆ నెల అర్హత పోయినవాళ్లు, మిగతా రోజుల్లో వేళకు రావడం మీద శ్రద్ధ వదిలేశారు. అంతకన్నా విచారకరమైనది, ఏ బహుమతీ లేని రోజుల్లోనే క్రమం తప్పకుండా వచ్చినవాళ్ల సంగతి. వాళ్ల ఉత్పాదకత 6 నుంచి 8 శాతం పడిపోయింది. ఇన్నాళ్లూ తమంతట తాము చేస్తున్నదాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడు ఆలస్యంగా వచ్చేవాళ్లను దారికి తేవడానికి లాటరీ పెట్టారు. అది వాళ్లకు సన్మానంలా కనిపించలేదు. ఈ అధ్యయనం 2016లో అచ్చయింది.

మరి పనిచేసే గుర్తింపు ఎలా ఉంటుంది? డాన్ ఏరియెలీ, ఇద్దరు సహచరులు 2008లో ప్రచురించిన ఒక ప్రయోగం ఇక్కడ చాలా పనికొస్తుంది. అక్షరాలు నిండిన కాగితాల్లో జంట అక్షరాలు వెతకడం పని. కాగితానికింత అని డబ్బు, ప్రతి కాగితానికీ కాస్త తగ్గుతూ పోతుంది. ఎప్పుడు మానేయాలన్నది చేసేవాళ్ల ఇష్టం. మొదటి గుంపు కాగితం మీద పేరు రాసి ఇస్తే, తీసుకునే మనిషి ఓసారి చూసి "ఊఁ" అని పక్కన పెట్టాడు. రెండో గుంపు కాగితాలను చూడకుండానే దొంతరలో పెట్టాడు. మూడో గుంపువి వాళ్ల కళ్ల ముందే ముక్కలు చేసే మిషన్లో వేశాడు. మొదటి గుంపు సగటున తొమ్మిది కాగితాలు చేసింది. మూడో గుంపు ఆరున్నరకు కాస్త తక్కువ. చూడకుండా పక్కన పెట్టిన రెండో గుంపు? ఏడు కూడా చేయలేదు. అంటే చేసిన పనిని చూడకపోవడానికీ, చింపి పారేయడానికీ మనిషి మీద పడే దెబ్బలో పెద్ద తేడా లేదు. ఒక్క "ఊఁ"కి అంత బలం ఉంది.

జర్మనీలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పుస్తకాల వివరాలు ఎక్కించడానికి కుర్రాళ్లను తీసుకుని, కొందరికి చెప్పకుండా ఏడు యూరోలు అదనంగా ఇచ్చారు, కొందరికి అంతే విలువైన థర్మాస్ ఫ్లాస్కు కాగితం చుట్టి ఇచ్చారు. డబ్బుకు చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఫ్లాస్కుకు పని దాదాపు నాలుగో వంతు పెరిగింది. వస్తువు గొప్పదనమా అంటే అదీ కాదు. అవే ఏడు యూరోలను, అందులోని నోటును చొక్కాలా మడిచి ఇస్తే మళ్లీ అంత పనీ జరిగింది. ఎవరో కూర్చుని మన కోసం కాసేపు సమయం పెట్టారన్నది అక్కడ అందిన జీతం. దీపావళికి అందరికీ ఒకే స్వీటు డబ్బా, అదీ గేటు దగ్గర సంతకం పెట్టించుకుని ఇవ్వడంలో లేనిది అదే.

అందుకని నేను చెప్పేవన్నీ ఖర్చులేని పనులు, కానీ సమయం పెట్టాల్సిన పనులు.

మెచ్చుకోలుకు మూడు ముక్కలు ఉండాలి: పేరు, చేసిన పని, దానివల్ల ఏం జరిగింది. "టీమ్ అందరికీ థాంక్స్" అన్నదానికి విలువ సున్నా, నిజం చెప్పాలంటే కష్టపడ్డవాళ్లకు అది చిన్నచూపే. "సునీతా, రాత్రి రెండింటికి అయిదో బెడ్ పొటాషియం రిపోర్టు కోసం ల్యాబ్‌కి మళ్లీ ఫోన్ చేశారు కదా, దానివల్ల పొద్దున్న డోసు మార్చగలిగాం" — ఇది గుర్తింపు. అదే షిఫ్టులో, కుదరకపోతే మర్నాడు షిఫ్టు అప్పగించే హ్యాండోవర్‌లో చెప్పేయాలి. వారం దాటితే అప్రైజల్ భాషలా వినిపిస్తుంది. పై అధికారి వచ్చి చెబితే బలం ఇంకా ఎక్కువ. విరాళాల కోసం ఫోన్లు చేసే ఒక విశ్వవిద్యాలయ సిబ్బంది దగ్గరికి ఆ విభాగం డైరెక్టరు స్వయంగా వెళ్లి కృతజ్ఞత చెబితే, ఆ తర్వాతి వారం వాళ్లు చేసిన ఫోన్లు సగానికి సగం పెరిగాయని 2010లో వచ్చిన గ్రాంట్, జీనోల అధ్యయనం చెబుతుంది. అయితే ఆ డైరెక్టరుకు ఏం చెప్పాలో ముందే తెలియాలి. వార్డు ఇన్‌చార్జ్ వారానికి రెండు పేర్లు, రెండు వాక్యాలు రాసి పంపితే చాలు, అందులో కనీసం ఒకటి నైట్ షిఫ్టు నుంచి ఉండాలి. నైట్‌వాళ్లకు చెప్పడానికి ఆ పెద్దమనిషి నెలకోసారైనా రాత్రి ఎనిమిదింటి హ్యాండోవర్‌కి రావాలి. మెయిల్ పంపితే కుదరదు.

తప్పును చెప్పడం ఇంకా కష్టం. మర్యాదగా ఉండమంటే తప్పులు చూసీ చూడనట్టు వదిలేయమని కాదు. వదిలేయడం కూడా "నీ పని అంత ముఖ్యమేమీ కాదులే" అన్నట్టే. పేషెంటుకు అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే అక్కడే ఆపాలి, ఒక్క మాటలో: "ఆగండి, డోసు చూడండి". మిగతాదంతా తర్వాత, విడిగా. ఏం జరిగింది, ఏం జరగాలి, ఎందుకు కుదరలేదు అన్న మూడు అడిగితే సరిపోతుంది. ఆ మూడోదానికి జవాబు వినాలి, ఎందుకంటే సగం సార్లు సిరంజి పంపు పాడైందనో ఇద్దరు చేయాల్సిన డ్యూటీ ఒక్కరే చేశారనో బయటపడుతుంది. "నువ్వెప్పుడూ ఇంతే" అన్న వాక్యం ఆ గదిలో పలకకూడదు.

నోరు జారితే? క్షమాపణ, అవమానం జరిగిన చోటే, అదే మనుషుల ముందు చెప్పాలి. రౌండ్స్‌లో పదిమంది ముందు అని, క్యాబిన్‌కి పిలిచి "అదేం మనసులో పెట్టుకోకమ్మా" అంటే అప్పు అలాగే ఉండిపోతుంది. మర్నాడు రౌండ్స్ మొదలయ్యే ముందు "నిన్న మీరు చెప్పబోతుంటే వినలేదు, తప్పు నాదే, ఇప్పుడు చెప్పండి" అంటే పది సెకన్లు పడుతుంది. దానివల్ల పెద్ద డాక్టరు పెద్దరికం తగ్గదు. అక్కడున్న మిగతా తొమ్మిదిమందికి, ఇక్కడ చెబితే వింటారన్న ధైర్యం వస్తుంది.

పేర్లతో మొదలుపెట్టడం తేలికైన దారి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ చెక్‌లిస్టులో, కత్తి పెట్టే ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ పేరూ చేసే పనీ చెప్పుకోవాలన్న అంశం ఉంది. ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో ఆ చెక్‌లిస్టును పరీక్షిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఆ తగ్గుదలంతా పేర్ల వల్లేనని అనను, అందులో ఇంకా చాలా అంశాలున్నాయి. కానీ టిక్కు పెట్టేసి వదిలేసే అంశాల్లో ఇదొకటి. ఒకసారి పేరు చెప్పి నోరు తెరిచినవాళ్లకు, ఆపరేషన్లో వాడిన గాజుగుడ్డల లెక్క తేడా వచ్చినప్పుడు రెండోసారి నోరు తెరవడం సులువవుతుంది.

ఇవన్నీ పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి ఉద్యోగుల సంతృప్తి సర్వే మీద ఆధారపడొద్దు. పేరు రాయక్కర్లేదని చెప్పినా ఎనిమిదిమందే ఉన్న డిపార్టుమెంటులో ఎవరు రాశారో తెలిసిపోతుంది, అందరూ నాలుగు స్టార్లు ఇస్తారు. దానికి బదులు ఒక రిజిస్టరు పెట్టండి. తేదీ, చెప్పింది ఎవరు, సమస్య ఏంటి, ఏం చేశాం, చెప్పినవాళ్లకు ఆ సంగతి ఏ రోజు తిరిగి చెప్పాం — అయిదు గడులు. చివరి గడి ఖాళీగా ఉంటే రెండు మూడు వారాల్లో రిజిస్టరే ఖాళీ అవుతుంది. "కుదరదు, ఎందుకంటే..." అని చెప్పినా ఆ గడి నిండినట్టే. అప్పుడు సమస్యల సంఖ్య పెరిగితే కంగారు పడకూడదు. 1990లలో హార్వర్డ్‌కి చెందిన ఏమీ ఎడ్మండ్‌సన్ ఆస్పత్రి వార్డులను పరిశీలిస్తే, నాయకత్వం బాగున్న వార్డుల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువ నమోదై కనిపించాయి. అక్కడ తప్పులు ఎక్కువ జరగలేదు, దాచుకోకుండా చెప్పుకోగలిగారన్నది ఆమె వివరణ. ఒక వార్డు నుంచి మూడు నెలలుగా ఒక్క పొరపాటూ నమోదు కాలేదంటే, మెడల్ ఇచ్చే ముందు ఆ వార్డులో ఒక పూట కూర్చుని చూడాలి. ఫలానావారి డ్యూటీ రోజే సిక్ లీవులు ఎక్కువవుతున్నాయా, ఒకే వార్డు నుంచి బదిలీ అడుగుతున్నారా అన్నవి కూడా రోస్టరు చూస్తే తెలిసిపోతాయి.

డబ్బు మాట ఎత్తకుండా ఇది ముగిస్తే అన్యాయం అవుతుంది. జీతం ఎగ్గొట్టి మెచ్చుకోవడం అన్నిటికన్నా పెద్ద అవమానం. ఓవర్‌టైమ్ ఇవ్వకుండా 'మనమంతా ఒక కుటుంబం' అనేవాళ్ల దగ్గర, నోరు విప్పనివాళ్లదే తెలివి. అయితే నిజంగానే డబ్బు లేని రోజుల్లో కూడా చెప్పే తీరుకు విలువ ఉంది. 1990లో జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ ప్రచురించిన అధ్యయనంలో, ఆర్డర్లు పోయిన ఒక సంస్థ రెండు ఫ్యాక్టరీల్లో పది వారాల పాటు జీతాలు 15 శాతం తగ్గించింది. ఒక చోట పెద్దాయన వచ్చి గంటన్నర కూర్చుని, లెక్కలు చూపించి, బాధపడుతూ చెప్పాడు, ప్రశ్నలకు జవాబులిచ్చాడు. రెండో చోట పావుగంటలో ముక్తసరిగా ప్రకటించి వెళ్లిపోయారు. ఆ పది వారాల్లో ఫ్యాక్టరీ సామాను దొంగతనాలు రెండో చోట బాగా పెరిగాయి, మొదటి చోట అంతకన్నా చాలా తక్కువ. కోత ఒక్కటే.

ఇక ఏజెన్సీ సిబ్బంది. ఆస్పత్రుల్లో, టెక్ పార్కుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో ఊడ్చేవాళ్లు, కాపలా కాసేవాళ్లు, డేటా ఎంట్రీ చేసేవాళ్లు చాలామంది ఇప్పుడు వీళ్లే. "వాళ్లు మా ఉద్యోగులు కాదు" అన్న మాటతో వాళ్లకు జరిగే ప్రతి చిన్నచూపూ ఎవరిదీ కాకుండా పోతుంది. ఏజెన్సీ జీతం ఇవ్వకపోతే పని చేయించుకుంటున్న సంస్థే ఇవ్వాలనీ, తాగునీరు, విశ్రాంతి గది, మరుగుదొడ్డి లాంటివి ఏజెన్సీ చూడకపోతే ఆ సంస్థే చూడాలనీ 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమే చెప్పింది; 2025 నవంబరులో దాని చోట అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లోనూ ఆ బాధ్యత ఉంది. కాబట్టి బాధ్యత లేదనడానికి లేదు. టెండరు రాసేటప్పుడే జీతం ఏ తేదీకి పడాలో, పీఎఫ్ చలానా ప్రతి నెలా చూపించాలనీ షరతు పెట్టండి. బిల్లు పాస్ చేసే గుమాస్తా ఆ చలానా చూశాకే సంతకం పెట్టాలి. ఏజెన్సీ మారినప్పుడు పదేళ్లుగా ఉన్న మనిషి మళ్లీ కొత్తగా చేరినట్టు కాగితాల మీద రాకుండా చూడండి. అందరికీ ఒకే రంగు ట్యాగు ఇవ్వండి, దాని మీద ఏజెన్సీ పేరు కన్నా మనిషి పేరు పెద్ద అక్షరాల్లో, తెలుగులో ఉండాలి. వార్డు హ్యాండోవర్‌లో హౌస్‌కీపింగ్ మనిషిని కూడా నిలబెట్టి, ఆఖర్న "మీరు చూసినవి ఏమైనా ఉన్నాయా?" అని అడగండి. మొదటి వారం ఏమీ చెప్పరు. రెండో వారమూ చెప్పకపోవచ్చు. అడగడం మానకండి. ఏ బాత్రూమ్‌లో నేల జారుతోందో, ఏ పేషెంటు రాత్రంతా ఒంటరిగా ఏడుస్తున్నాడో, ఏ మంచం కింద వాడిన సూది పడి ఉందో ముందుగా తెలిసేది వాళ్లకే. వాళ్లు చెప్పిన మొదటి సంగతి ఆ రిజిస్టరులో, వాళ్ల పేరుతో, అదే రోజు ఎక్కాలి.